పది కిలోబైట్లలో ఒక దారి

టీమోట్ స్కై అనే సెన్సర్ బోర్డులో ఉండే మెమరీ 10 కిలోబైట్లు. ప్రోగ్రామ్ దాచుకోవడానికి మరో 48 కిలోబైట్ల ఫ్లాష్. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. వేడిని, తేమను, వెలుతురును కొలుస్తూ రెండు పెన్సిల్ బ్యాటరీల మీద నడిచే ఈ బోర్డు 2000 దశకం మధ్య నుంచి చాలా ఏళ్లు సెన్సర్ పరిశోధనశాలలన్నిటా కనిపించేది. ఇలాంటి బోర్డులు వందల సంఖ్యలో ఒక తోటలోనో, కర్మాగారంలోనో, వీధి దీపాల స్తంభాల మీదో ఉంటాయి. ఒక్కోదాని రేడియో కొద్ది పదుల మీటర్ల వరకే వినిపిస్తుంది. చిట్టచివర ఉన్న బోర్డు కొలిచిన అంకె ఇంటర్నెట్‌కు చేరాలంటే మధ్యలో ఉన్నవి ఒకరి నుంచి ఒకరికి అందించాలి. ఎవరు ఎవరికి అందించాలో చెప్పే పెద్ద యంత్రం ఏదీ అక్కడ ఉండదు. దారిని అవే వెతుక్కోవాలి, చెడితే అవే బాగుచేసుకోవాలి.

ఆ పనికి ఒక ప్రామాణిక పద్ధతి ఉంది. దాని పేరు ఆర్‌పీఎల్, ‘రిపుల్’ అని పలుకుతారు. ఆ పద్ధతిని వివరించే పత్రం అందరికీ ఉచితంగా దొరుకుతుంది. కానీ పత్రం చదివినంత మాత్రాన బోర్డు నడవదు. దాన్ని 10 కిలోబైట్లలో ఇమిడే కోడ్‌గా మార్చి, ఆ కోడ్‌ను బహిరంగంగా పెట్టి, లోకం ముందు దాని తప్పులు దిద్దుకుంటూ వచ్చిన వాళ్లు కొందరున్నారు. ఆర్‌పీఎల్ గురించి మనకు ఈ రోజు నిజంగా తెలిసిన దానిలో పెద్ద భాగం వాళ్ల కోడ్ నేర్పిందేనని నా నమ్మకం.

ముందు బ్యాటరీ లెక్క చూద్దాం. టీమోట్ స్కై మీద ఉండే రేడియో చిప్ పేరు సీసీ2420. పూర్తి బలంతో మాట్లాడేటప్పుడు అది 17.4 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. వింటున్నప్పుడు సుమారు 19. అవతల ఎవరూ మాట్లాడకపోయినా, చెవి ఒగ్గి కూర్చున్నందుకే మాట్లాడిన దానికంటే ఎక్కువ ఖర్చవుతుంది. మంచి పెన్సిల్ బ్యాటరీలో ఉండేది సుమారు 2,500 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుత్తు. రేడియోను తెరిచే ఉంచితే అయిదు రోజుల్లో అది ఖాళీ. నూటికి 99 పాళ్ల సమయం రేడియోను నిద్రపుచ్చితే అదే బ్యాటరీ లెక్కప్రకారం ఏడాది దాటి వస్తుంది. కాబట్టి ఈ నెట్‌వర్కుల్లో అందరూ దాదాపు ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటారు. నిద్రపోయేవాళ్ల మధ్య కబురు నడిపించడమే ఇక్కడి సమస్య.

దీనికి తోడు మరో ఇబ్బంది. ఈ రేడియోలు పాటించే ఐఈఈఈ 802.15.4 ప్రమాణంలో ఒక్కో ఫ్రేము అత్యధికంగా 127 బైట్లు. ఇంటర్నెట్ కొత్త చిరునామా విధానమైన ఐపీవీ6 కనీసం 1,280 బైట్ల ప్యాకెట్‌ను మోయగలగాలని కోరుతుంది. దాని హెడర్ ఒక్కటే 40 బైట్లు తినేస్తుంది. హెడర్‌ను కుదించే, పెద్ద ప్యాకెట్‌ను ముక్కలు చేసే సిక్స్‌లోప్యాన్ అనే పొర 2007లో ప్రమాణమయింది. అది వచ్చాక చిన్న బోర్డుకు కూడా అసలైన ఇంటర్నెట్ చిరునామా ఇవ్వడం కుదిరింది. మిగిలింది దారి.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సంస్థ 2008లో ఇందుకోసం ‘రోల్’ అనే బృందాన్ని ఏర్పాటు చేసింది. ఆ బృందం చేసిన మొదటి పని నాకు బాగా నచ్చుతుంది. పరిష్కారం జోలికి వెళ్లకుండా, ఎవరికి ఏం కావాలో ముందు రాసుకున్నారు. నగరానికి ఒకటి, కర్మాగారానికి ఒకటి, ఇంటికి ఒకటి, పెద్ద భవనానికి ఒకటి, మొత్తం నాలుగు అవసర పత్రాలు 2009, 2010ల్లో వెలువడ్డాయి. అప్పటికే ఉన్న రౌటింగ్ పద్ధతులను ఆ అవసరాలతో పోల్చి చూశారు. తీగలున్న నెట్‌వర్కుల్లో వాడే ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి రౌటరూ మొత్తం నెట్‌వర్కు పటాన్ని దాచుకోవాలి. అంత మెమరీ ఇక్కడ లేదు. ఏఓడీవీ లాంటి పద్ధతుల్లో దారి కావలసినప్పుడల్లా ప్రశ్నను నెట్‌వర్కంతా చాటింపు వేయాలి. అంత బ్యాటరీ ఇక్కడ లేదు. ఉన్నవేవీ సరిపోవని తేలాక కొత్తది మొదలుపెట్టారు. అది 2012 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 6550 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది. నిడివి 157 పేజీలు.

నీరు పల్లమెరుగు అంటారు మనవాళ్లు. ఆర్‌పీఎల్ చేసేదల్లా నెట్‌వర్కులో ఒక పల్లాన్ని తయారుచేయడం. ఇంటర్నెట్‌తో కలిసి ఉన్న గేట్‌వేది అన్నిటికంటే తక్కువ ర్యాంకు. అది తన ర్యాంకును చెబుతూ డీఐఓ అనే చిన్న సందేశాన్ని పంపుతుంది. విన్న పక్క బోర్డు, అంటే నోడ్, దానికి తన లింకు ఖర్చు కలిపి తన ర్యాంకు లెక్కగట్టుకుంటుంది, తానూ డీఐఓ పంపుతుంది. అలా అంచు దాకా ర్యాంకులు పెరుగుతూ పోతాయి. తర్వాత ఏ నోడ్ దగ్గర ప్యాకెట్ ఉన్నా, తనకంటే తక్కువ ర్యాంకున్న పొరుగువారిలో ఒకరిని పేరెంటుగా ఎంచుకుని వాళ్లకు ఇస్తే చాలు, అది గేట్‌వేకు చేరుతుంది. మొత్తం పటం ఎవరికీ తెలియనక్కరలేదు. పేరెంటు ఎవరో తెలిస్తే చాలు.

లింకు ఖర్చు అనేది దూరం లెక్క కాదు. 2003లో ఎంఐటీ పరిశోధకులు ఈటీఎక్స్ అనే కొలమానాన్ని ప్రతిపాదించారు: ఒక ప్యాకెట్ అవతలికి చేరి, చేరినట్టు జవాబు రావడానికి సగటున ఎన్నిసార్లు పంపవలసి వస్తుంది? గేట్‌వే ఒకే అంగలో వినిపిస్తున్నా నాలుగుసార్లు పంపితే గానీ చేరకపోతే ఆ లింకు ఖర్చు నాలుగు. మధ్యలో ఇంకో నోడ్ మీదుగా రెండు శుభ్రమైన అంగలుంటే ఖర్చు రెండు. ఈ లెక్కలో చుట్టుదారే దగ్గరి దారి. గోడలు, చెట్లు, వైఫై రద్దీ మధ్య ఉండే రేడియోకు ఇది చాలా తెలివైన కొలత.

డీఐఓలను ఎంత తరచుగా పంపాలి? మొత్తం రూపకల్పనలో నాకు అతి అందంగా కనిపించేది ఇక్కడే ఉంది. తరచుగా పంపితే బ్యాటరీ పోతుంది. అరుదుగా పంపితే ఒక నోడ్ చెడిపోయిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. దీనికి జవాబు ట్రికిల్ అనే అల్గారిథం. ఫిలిప్ లెవిస్, మరో ముగ్గురు 2004లో దీన్ని ప్రచురించారు. అప్పట్లో దాని ఉద్దేశం వేరు, సెన్సర్లకు కొత్త ప్రోగ్రామును గాలిలో పంపిణీ చేయడం. తర్వాత రౌటింగ్‌కూ అదే పనికొచ్చింది.

ప్రతి నోడూ ఒక వ్యవధిని పెట్టుకుంటుంది. ఆ వ్యవధి రెండో సగంలో ఏదో ఒక క్షణాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ఆ క్షణం దాకా వింటూ, తాను చెప్పబోయే సంగతినే ఎంతమంది పొరుగువారు చెప్పారో లెక్కపెడుతుంది. ఆ లెక్క ఒక హద్దును చేరితే తాను నోరు విప్పదు, ఎందుకంటే చుట్టుపక్కల అందరికీ ఆ సంగతి తెలిసినట్టే. చేరకపోతే చెబుతుంది. వ్యవధి ముగిశాక తర్వాతి వ్యవధిని రెట్టింపు చేస్తుంది. ఏదైనా తేడా వినబడితే, అంటే ర్యాంకు మారినా, దారి తిరగబడినా, కొత్త వెర్షన్ వచ్చినా, వ్యవధిని మళ్లీ మొదటి చిన్న విలువకు దించేస్తుంది. ఇంతే. నాలుగైదు వరుసల నియమం. అంతా ప్రశాంతంగా ఉన్నంతసేపూ నెట్‌వర్కు నిశ్శబ్దంలోకి జారుతుంది, కదలిక వచ్చిన చోట మాత్రం క్షణాల్లో కబురు పాకుతుంది. ఒకే చోట అయిదు నోడ్లున్నా యాభై ఉన్నా అక్కడి మాటల సంఖ్య ఆ నిష్పత్తిలో పెరగదు.

యాదృచ్ఛిక క్షణం రెండో సగంలోనే ఎందుకు ఉండాలి? మొదటి సగం వినడానికి. నోడ్ల గడియారాలు కలిసి నడవవు. ఒకరి వ్యవధి ముగిసే వేళకు ఇంకొకరిది మొదలవుతుంది. ఎవరైనా తన వ్యవధి మొదలవగానే మాట్లాడేస్తే, పొరుగువారు చెప్పింది వినే అవకాశమే లేకుండా అనవసరంగా మాట్లాడినట్టవుతుంది. సగం సేపు వినడాన్ని తప్పనిసరి చేయడంతో ఆ బెడద తీరింది.

ఇక కోడ్ సంగతి. స్వీడన్ కంప్యూటర్ సైన్స్ పరిశోధన సంస్థ సిక్స్‌లో ఆడమ్ డంకెల్స్ అనే పరిశోధకుడు 2000 దశకం మొదట్లో యూఐపీ అనే అతి చిన్న ఇంటర్నెట్ స్టాక్ రాశాడు. ఇంటర్నెట్ ప్రోటోకాల్ చిన్న మైక్రోకంట్రోలర్లలో పట్టదు, వాటికి ప్రత్యేక భాషలు కావలసిందే అని ఆ రోజుల్లో చాలామంది గట్టిగా నమ్మేవారు. డంకెల్స్ కోడ్ కొద్ది కిలోబైట్లలో నడిచి చూపించింది. 2003లో ఆయన కాంటికి అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేశాడు. దాని లైసెన్సు బీఎస్‌డీ తరహాది: ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ వస్తువులో పెట్టి అమ్ముకోవచ్చు. 2008లో సిస్కో, అట్మెల్ సంస్థలతో కలిసి సిక్స్ వాళ్లు కాంటికికి ఐపీవీ6 చేర్చారు.

ఆర్‌పీఎల్ ఇంకా ముసాయిదా దశలో ఉండగానే, ప్రమాణం వెలువడడానికి రెండేళ్ల ముందే, 2010లో నికొలాస్ సిఫ్టెస్, జోకిమ్ ఎరిక్‌సన్, డంకెల్స్ కలిసి కాంటికిఆర్‌పీఎల్ అమలును ప్రచురించారు. ఐపీవీ6, ఆర్‌పీఎల్ రెండూ నడుస్తున్న టీమోట్ స్కై బోర్డుకు బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుందని అందులో చూపించారు. అట్లాంటిక్ అవతల జాన్స్ హాప్కిన్స్, బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల వాళ్లు టైనీఓఎస్ అనే మరో ఓపెన్ సోర్స్ వ్యవస్థలో టైనీఆర్‌పీఎల్ రాశారు. కాగితం మీది ప్రతిపాదనకంటే నడిచే కోడ్‌కు ఎక్కువ విలువనివ్వడం ఐఈటీఎఫ్ సంప్రదాయం. ముసాయిదా మారుతున్నకొద్దీ కోడ్ మారింది, కోడ్‌లో తేలిన ఇబ్బందులతో ముసాయిదా మారింది.

2011లో ఈ రెండు బృందాలూ ఒక పరీక్ష చేశాయి. ఒకే నెట్‌వర్కులో కొన్ని నోడ్లు కాంటికివి, కొన్ని టైనీఓఎస్‌వి పెట్టారు. రెండూ ఒకే పత్రాన్ని చూసి రాసినవే. ఒకరి సందేశాలు ఇంకొకరికి అర్థమయ్యాయి, దారులు ఏర్పడ్డాయి, ప్యాకెట్లు నడిచాయి. కానీ కలగలిపిన నెట్‌వర్కు పనితీరు మాత్రం లోపలి చిన్న చిన్న నిర్ణయాల మీద ఆధారపడి ఉందని తేలింది: టైమర్ల విలువలు, ప్యాకెట్ క్యూ పొడవు, కింది పొర ప్యాకెట్‌ను ఎన్నిసార్లు మళ్లీ పంపుతుంది అన్నవి. వీటిలో చాలావరకు ప్రమాణంలో రాయనివి. ఒకరి మాట ఒకరికి అర్థమైతే చాలదని, కలిసి బాగా పనిచేయడం వేరే సంగతని ఆ పరీక్ష నిరూపించింది. రెండు కోడ్లూ బహిరంగంగా ఉండబట్టే తేడా ఎక్కడుందో వెతికి పట్టుకోగలిగారు. మూసి ఉన్న రెండు పెట్టెలైతే, ఇది ఎదుటివారి తప్పని ఎవరికి వారు అనుకోవడమే మిగిలేది.

కోడ్ రాసేవాడికి పత్రం చెప్పని సంగతులు ఎలా ఎదురవుతాయో రెండు మూడు ఉదాహరణలు చెబుతాను.

ట్రికిల్ మొదటి వ్యవధి ఎంత ఉండాలి? ఆర్‌ఎఫ్‌సీ 6550 సూచించే విలువ 8 మిల్లీ సెకన్లు. అక్కడి నుంచి ఇరవై రెట్టింపులతో అది 2.3 గంటలకు పెరుగుతుంది. కాంటికిలో నోడ్లు నిద్రపోయే పద్ధతి చూడండి. ప్రతి నోడూ సెకనుకు 8 సార్లు, అంటే 125 మిల్లీ సెకన్లకోసారి లేచి గాలిలో ఏమైనా ఉందా అని చూసి మళ్లీ పడుకుంటుంది. అందరికీ వినబడాలంటే ఒకే సందేశాన్ని ఆ 125 మిల్లీ సెకన్లూ వెంటవెంటనే పంపుతూ పోవాలి. ఒక్క మాట చెప్పడానికే అంత సమయం పట్టే చోట 8 మిల్లీ సెకన్ల వ్యవధికి అర్థమే లేదు. నోడ్లన్నీ ఒకేసారి అరిచి గాలిని నింపేస్తాయి. అందుకే కాంటికి రచయితలు మొదటి వ్యవధిని సుమారు 4 సెకన్లకు పెంచారు. ఎనిమిది రెట్టింపులతో అది పదిహేడున్నర నిమిషాల దగ్గర ఆగుతుంది. రౌటింగ్ పొర రాసేవాళ్లు నిద్ర పొరను పట్టించుకోకుండా ఉండలేరన్న నిజం ఈ ఒక్క అంకెలో ఉంది.

లింకు ఖర్చు సంగతీ అంతే. ఈటీఎక్స్ తెలియాలంటే ఆ లింకు మీద కొన్ని ప్యాకెట్లు పంపి చూడాలి. కొత్తగా వినబడిన పొరుగువాడికి ఇంకా ఏమీ పంపలేదు కదా, వాడి ఖర్చు ఎంత అనుకోవాలి? తక్కువ అనుకుంటే నోడ్ ప్రతి కొత్తవాడి వెంటా పరుగెత్తి దెబ్బతింటుంది. ఎక్కువ అనుకుంటే పాత చెడ్డ పేరెంటునే పట్టుకు వేలాడుతుంది. కాంటికిలో ఇందుకోసం వాడని పొరుగువారికి అప్పుడప్పుడూ ఒక పరీక్ష ప్యాకెట్ పంపి చూసే ఏర్పాటు తర్వాత చేర్చారు. ఇంకా, కాస్త మెరుగ్గా కనిపించగానే పేరెంటును మార్చేస్తే నెట్‌వర్కు నిలకడగా ఉండదు. ఓంప్రకాశ్ జ్ఞవాలీ, లెవిస్ రాసిన ఎమ్ఆర్‌హెచ్ఓఎఫ్ అనే ప్రమాణం (2012) కొత్త దారి కనీసం ఒకటిన్నర ఈటీఎక్స్ మేరకు మెరుగైతేనే మారమని సూచిస్తుంది.

మూడోది క్రమసంఖ్యల కథ. ఏ సమాచారం కొత్తదో ఏది పాతదో తెలియడానికి ప్రతి సందేశంలో ఒక బైటు సంఖ్య ఉంటుంది. 255 దాటితే మళ్లీ సున్నా. నోడ్ మామూలుగా నడుస్తున్నంతకాలం ఇబ్బంది లేదు. బ్యాటరీ మార్చినప్పుడో, ప్రోగ్రాము కుప్పకూలినప్పుడో అది మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. పొరుగువారి దృష్టిలో అది పాత సంఖ్య. తిరిగి బతికిన నోడ్ చెప్పే నిజాన్ని ఎవరూ నమ్మరు. ఆర్‌పీఎల్ ఇచ్చిన పరిష్కారం ఇది: లెక్క 240 దగ్గర మొదలవుతుంది, 255 దాకా వెళ్లి సున్నాకు దిగుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ 0 నుంచి 127 మధ్యనే తిరుగుతుంది. కాబట్టి 128కి పైన ఉన్న సంఖ్య కనబడిందంటే ఆ నోడ్ ఇటీవలే లేచిందని అర్థం. పొరుగువాడి దగ్గర 5 ఉంది, ఇప్పుడు 240 వచ్చింది. 256కు 5 కలిపి 240 తీసేస్తే 21. అది 16 కంటే ఎక్కువ కాబట్టి 240దే కొత్త సమాచారం. అదే 250, 5 అయితే తేడా 11, అంటే నోడ్ మామూలుగా ముందుకు నడిచి 5కు చేరిందని లెక్క. ఒక్క బైటులో ఇంత ఆలోచన పట్టించారు. కోడ్‌లో ఈ పోలికను మామూలు ‘పెద్దదా చిన్నదా’ అన్న ఒక్క గుర్తుతో రాసేస్తే నెట్‌వర్కు కొంతకాలం బాగానే నడిచి, లెక్క 255 నుంచి సున్నాకు దిగిన రోజున బిగుసుకుపోతుంది.

ఇలాంటి తప్పును పట్టుకోవడం ఎలా? బోర్డు మీద తెర లేదు, మూడు చిన్న దీపాలుంటాయి. లోపల ఏం జరుగుతోందో సీరియల్ తీగ గుండా రాయించి చూద్దామంటే, రాయడానికి పట్టే కాలం వల్ల నోడ్ సమయాలు మారిపోయి తప్పు కనబడకుండా పోవచ్చు. ఈ కష్టంలోంచి పుట్టినదే కూజా అనే సిమ్యులేటర్. 2006 నుంచి కాంటికితో పాటే వస్తోంది. అసలు బోర్డులోకి ఎక్కించే ప్రోగ్రామునే తీసుకుని, దాని ప్రాసెసర్ చేసే ఒక్కో ఆదేశాన్నీ కంప్యూటర్ మీద నడిపించి చూపగలదు. పదుల కొద్దీ నోడ్లను తెర మీద పరిచి, ఒకదాన్ని దూరంగా లాగి, ఒక లింకును సగం చెడగొట్టి, ఏ క్షణంలో ఏ రేడియో మేల్కొందో రంగుల గీతల్లో చూడవచ్చు. సిమ్యులేటర్‌లో గెలిచిన కోడ్ నిజమైన గోడల మధ్య ఓడిపోవచ్చు కాబట్టి అసలు బోర్డుల మీద పరీక్ష ఎప్పటికీ తప్పదు. ఫ్రాన్స్‌లోని ఫిట్ ఐఓటీ-ల్యాబ్ ఇందుకోసం వేలాది నోడ్లను ఏర్పాటు చేసి ప్రపంచ పరిశోధకులకు దూరం నుంచే వాడుకునే వీలు కల్పించింది.

పరీక్షల్లో అందరినీ వేధించేది లూపు. ఒక నోడ్ తన పేరెంటును పోగొట్టుకుంటుంది. పక్కనున్న నోడ్‌ను కొత్త పేరెంటుగా ఎంచుకుంటుంది. ఆ పక్క నోడ్ ఇన్నాళ్లూ దారి కోసం ఆధారపడింది తన మీదేనని, ఆ కబురు మోసే డీఐఓ గాలిలో పోయిందని దానికి తెలియదు. ప్యాకెట్ ఇద్దరి మధ్య తిరుగుతూ రెండు బ్యాటరీలను తినేస్తుంది. లూపులు అసలే పుట్టకుండా చేయాలంటే నోడ్లు నిరంతరం మాట్లాడుకోవాలి, ఆ ఖర్చు భరించలేనిది. ఆర్‌పీఎల్ ఇంకో దారి పట్టింది. పంపిన నోడ్ ర్యాంకును ప్యాకెట్టే మోసుకెళుతుంది. పైకి పోవలసిన ప్యాకెట్ తనకంటే తక్కువ ర్యాంకున్న నోడ్ నుంచి వస్తే ఏదో తేడా ఉన్నట్టే. మొదటిసారి దాని మీద ఒక గుర్తు పెట్టి వదిలేస్తారు, ఎందుకంటే అది కొద్దిసేపటి గందరగోళం కావచ్చు. గుర్తున్న ప్యాకెట్‌లో మళ్లీ అదే తేడా కనిపిస్తే పారేసి, ట్రికిల్‌ను మొదటికి దించి, దారులు సరిచేసుకుంటారు. పంపే సమాచారం లేని చోట లూపు ఉన్నా ఎవరికీ నష్టం లేదు కాబట్టి దాన్ని వెతకడానికి ఒక్క మిల్లీ ఆంపియర్ కూడా ఖర్చు పెట్టరు. ఈ ఆలోచన 2009 నాటి సీటీపీ అనే సెన్సర్ ప్రోటోకాల్‌లో నిరూపితమైనది. దాని రచయితల్లోనూ జ్ఞవాలీ, లెవిస్ ఉన్నారు.

ఇంతవరకూ చెప్పింది పైకి వెళ్లే దారి. గేట్‌వే నుంచి ఒక్కో నోడ్‌కు కిందికి వెళ్లే దారి ఇంకా బరువైనది, ఆర్‌పీఎల్ మీద వచ్చిన విమర్శల్లో చాలావరకు దీని గురించే. ప్రమాణం రెండు పద్ధతులను అనుమతించింది. మొదటిదాంట్లో మధ్యలోని ప్రతి నోడూ తన కింద ఉన్న నోడ్లన్నిటికీ దారిని గుర్తుపెట్టుకోవాలి. ఒక్కో నమోదుకు గమ్యం చిరునామా 16 బైట్లు, తర్వాతి నోడ్ చిరునామా, గడువు అన్నీ కలిపి 40 బైట్లనుకుంటే వంద నోడ్లకు 4 కిలోబైట్లు. మొత్తం ఉన్న మెమరీ పదే. పట్టిక నిండిపోయిన తర్వాత వచ్చిన నోడ్‌కు కింది దారి ఉండదు. అందినట్టు జవాబు కోరడం ప్రమాణంలో ఐచ్ఛికం కాబట్టి, తనకు దారి లేదన్న సంగతి ఆ నోడ్‌కే తెలియకపోవచ్చు. రెండో పద్ధతిలో మధ్య నోడ్లు ఏమీ దాచుకోవు. దారులన్నీ గేట్‌వే దగ్గర ఉంటాయి, అది ప్రతి ప్యాకెట్ మీదా మొత్తం దారిని రాసి పంపుతుంది. దానికి 127 బైట్ల ఫ్రేములో చోటు పోతుంది గానీ గేట్‌వేకు కరెంటు, మెమరీ రెండూ ఉంటాయి.

ఏది మేలో పత్రం తేల్చలేదు, రెండూ ఉంచింది. ఒకే నెట్‌వర్కులో రెండూ కలిసి పనిచేయడమూ కష్టమే. 2016లో ఇటలీలోని ట్రెంటో పరిశోధకులు ఈ ప్రమాణం మొదట పెట్టుకున్న అవసరాలను నిజంగా తీరుస్తోందా అని ఒక వ్యాసంలో సూటిగా ప్రశ్నించారు. తీర్పు వాడుకలో వచ్చింది. 2017లో కాంటికి నుంచి విడివడిన కాంటికి-ఎన్‌జీలో ఆర్‌పీఎల్-లైట్ అనే కొత్త అమలు వచ్చింది. అందులో మొదటి పద్ధతిని పూర్తిగా తీసేశారు. కోడ్ చిన్నదైంది, నమ్మకం పెరిగింది. 157 పేజీల్లో దేన్ని వదిలేయాలో చెప్పగలిగే ధైర్యం ఏళ్ల తరబడి దాన్ని నడిపి చూసిన వాళ్లకే ఉంటుంది. ఆ వదిలివేతే ఈ అమలు చేసిన గొప్ప పని అని నేననుకుంటాను.

మొదటి పద్ధతి వాడేవాళ్ల కోసమూ దిద్దుబాట్లు ఆగలేదు. నోడ్ పేరెంటును మార్చుకున్నప్పుడు పాత దారిని చెరపమని చెప్పే సందేశం, సరిగ్గా ఆ తెగిపోయిన లింకు మీదుగానే వెళ్లాల్సి వచ్చేది. అది చేరేది కాదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9009 దీన్ని తిప్పి రాసింది: కొత్త దారి, పాత దారి కలిసే చోట ఉన్న నోడే పాత వైపుకు చెరిపివేత సందేశం పంపుతుంది. దాని సంపాదకుడు రాహుల్ జాధవ్ బెంగళూరు నుంచి పనిచేసిన ఇంజినీరు. ప్రపంచ ప్రమాణంలో ఒక లోపాన్ని మన పక్క రాష్ట్రంలో కూర్చుని దిద్దవచ్చని ఇది చూపుతుంది.

ఆర్‌పీఎల్ అన్ని చోట్లా గెలవలేదన్నదీ చెప్పాలి. ఇళ్లలోని స్మార్ట్ పరికరాల కోసం వచ్చిన థ్రెడ్ వేరే రౌటింగ్ పద్ధతి ఎంచుకుంది. కానీ కరెంటు మీటర్లు, వీధి దీపాల వంటి ఊరంతా పరుచుకునే నెట్‌వర్కుల కోసం తయారైన వై-సన్ ప్రమాణం ఆర్‌పీఎల్‌నే, అదీ రెండో పద్ధతిలోనే వాడుతుంది. హైదరాబాద్ గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ, సిలికాన్ ల్యాబ్స్ సంస్థతో కలిసి తన ప్రాంగణంలో వై-సన్ నెట్‌వర్కును నెలకొల్పింది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాలను నిర్ణీత బలానికి లోబడి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు కాబట్టి ఇలాంటి ప్రయోగాలకు ప్రత్యేక అనుమతుల బెడద లేదు.

మీటర్లు, దీపాలు, పంపుసెట్లు అన్నీ రేడియోతో మాట్లాడుకునే కాలంలో వాటి దారులు నిర్ణయించే కోడ్‌ను మనలో ఎవరైనా తెరిచి చదవగలగడం చిన్న సంగతి కాదు. కాంటికి-ఎన్‌జీ బీఎస్‌డీ లైసెన్సులో, యూరప్‌లో పుట్టిన రియట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఎల్‌జీపీఎల్ లైసెన్సులో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంజినీరింగ్ చదివే విద్యార్థులకు, పాఠం చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. ఒక్క బోర్డు కూడా కొననక్కరలేదు, మామూలు ల్యాప్‌టాప్ మీద కూజా నడుస్తుంది. ఒక గేట్‌వేను, నాలుగు నోడ్లను, చివరిదానికి రెండు దారులుండేలా పెట్టండి. ర్యాంకులు ఏర్పడడం చూడండి. మధ్యలో ఒక నోడ్‌ను తీసేయండి. మిగిలినవి దారి ఎలా వెతుక్కుంటున్నాయో, ఎంతసేపు పడుతోందో కొలవండి. కొలిచింది పత్రంలో ఉన్నదానితో సరిపోకపోతే, ఆ తేడాను కాంటికి-ఎన్‌జీ బృందానికి రాసి పంపండి. కొత్త రచయితల కోసం ఆ తలుపు తెరిచే ఉంది.